‘పంపబడింది’ అని ఎవరు చెప్పారు?

ప్రోగ్రామ్ నుంచి వెబ్ సర్వర్‌కు ఫైలు ఎలా పంపాలో నేర్పే పాఠాలన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటాయి. ఫైలు తెరవడానికి ఒక వరుస, దాన్ని పోస్ట్ చేయడానికి ఒక వరుస, సర్వర్ నుంచి 200 (‘సరే’ అని చెప్పే జవాబు అంకె) వస్తే ‘విజయవంతం’ అని తెర మీద చూపడానికి ఇంకో వరుస. పైథాన్ అయినా, జావా అయినా, సీ షార్ప్ అయినా తేడా ఉండదు. ఈ మూడు వరుసల మీద నాకు చాలాకాలంగా కోపం. వాటిలో వ్యాకరణ దోషమేమీ లేదు. హన్మకొండలో ఫైబర్ కనెక్షన్ ఉన్న గదిలో కూర్చుని రాసినవాడికి అవి రోజూ పనిచేస్తాయి. పరకాల వైపు పత్తి మిల్లు గేటు పక్కన వేబ్రిడ్జి గదిలో, కిటికీకి కట్టిన డాంగిల్ మీద నడిచే పాత కంప్యూటర్‌లో అవే వరుసలు రోజుకోసారైనా అబద్ధం చెబుతాయి.

నా వాదన ఒకటే. ఫైలు పంపే ప్రోగ్రామ్ రాసినవాడి పూచీ పంపడంతో తీరదు. అవతల చేరిందన్న రుజువు చేతికొచ్చేదాకా ఉంటుంది. ఆ రుజువు లేకుండా ‘పంపబడింది’ అని చూపించే హక్కు ఏ ప్రోగ్రామ్‌కూ లేదు. ఎందుకంటే ఆ మాట నమ్మి కంప్యూటర్ కట్టేసి ఇంటికి వెళ్లేది ఆపరేటర్. మర్నాడు ‘మీ తూకం రాలేదు’ అని తిట్లు తినేదీ అతనే. డబ్బు ఆగిపోయేది మాత్రం బండి తోలుకొచ్చిన రైతుకు. ప్రోగ్రామర్ పేరు ఆ గొడవలో ఎక్కడా వినిపించదు.

ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులకు, కోల్డ్ స్టోరేజీలకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి ఇవ్వడం నా వృత్తి. బండి నిండుగా ఎంత తూగింది, ఖాళీగా ఎంత తూగింది, నంబరు ప్లేటు కనిపించే రెండు ఫొటోలు, స్లిప్పు — ఇవన్నీ ఎక్కడో ఉన్న సర్వర్‌కు చేరాలి. పత్తి దిగే రోజుల్లో నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇది: “అన్నా, పంపినట్టే చూపిస్తోంది. వాళ్లేమో రాలేదంటున్నారు.” ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

ఇద్దరూ నిజం చెప్పడం ఎలా సాధ్యమో తెలియాలంటే, తీగ మీద అసలు ఏం వెళ్తుందో చూడాలి. ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి ఫైలు పంపే కళ వెబ్ కంటే పాతది. ఎఫ్‌టీపీ అనే ఫైలు బదిలీ పద్ధతి తొలి రూపం 1971 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 114గా వెలువడింది (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రాలు). రాసినవారు అభయ్ భూషణ్. ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్ విద్యార్థి, అప్పటికి ఎంఐటీలో ఉన్నారు. తర్వాత రెండు దశాబ్దాలకు వెబ్ వచ్చింది కానీ, దాని ఫారాల్లో మొదట ఫైలు జోడించే వీలు లేదు. జిరాక్స్ సంస్థకు చెందిన నెబెల్, మాసింటర్ 1995 నవంబరులో రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1867 ఆ లోటు తీర్చింది. 2015 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7578 దాకా సవరణలు జరిగినా మూలరూపం మారలేదు. ఇవాళ మన బ్రౌజర్ ఫొటో పంపేదీ, మన ప్రోగ్రామ్ స్లిప్పు పంపేదీ ఆ పద్ధతిలోనే.

దాని పేరు మల్టీపార్ట్. పంపేవాడు ముందుగా ఒక హద్దు గుర్తును ఎంచుకుంటాడు. అది ఫైలు లోపల ఎక్కడా రాకూడని అక్షరాల వరుస. రెండు అడ్డగీతలు, ఆ గుర్తు, కింద ఫారంలో ఆ గడి పేరు, ఫైలు పేరు, ఒక ఖాళీ వరుస, ఆపైన ఫైలులోని బైట్లు ఉన్నవి ఉన్నట్టుగా. అన్నీ అయ్యాక అదే గుర్తుకు చివర మరో రెండు అడ్డగీతలు తగిలిస్తే సరుకు అయిపోయినట్టు. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. కంటెంట్-టైప్ హెడర్‌ను (వస్తున్న సరుకు ఏ రకమో ముందుగా చెప్పే వరుసను) తామే చేత్తో రాసేస్తారు, హద్దు గుర్తు ఏమిటో అందులో చెప్పరు. సర్వర్‌కు బైట్లన్నీ అందుతాయి. వాటిని ఎక్కడ కోయాలో తెలియక ‘ఫైలు ఏదీ రాలేదు’ అంటుంది. ఆ హెడర్‌ను లైబ్రరీకి, అంటే మనం తెచ్చి వాడుకునే సిద్ధమైన కోడ్‌కు, వదిలేయడం మంచిది. గడి పేరు ఒక్క అక్షరం తేడా వచ్చినా ఇదే ఫలితం.

ఇంకొందరు ఈ తలనొప్పంతా ఎందుకని ఫైలును బేస్64లోకి (బైట్లను మామూలు అక్షరాలుగా రాసే పద్ధతిలోకి) మార్చి, వివరాలను అక్షరాల్లో రాసి పంపే జేసన్‌లో కుక్కుతారు. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి, అంటే మూడో వంతు బరువు పెరుగుతుంది. పంపే వేగం సెకనుకు 1 మెగాబిట్ ఉన్న లైను మీద 40 ఎంబీ ఫైలు వెళ్లడానికి 5 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. బేస్64 చేస్తే 7 నిమిషాలు దాటుతుంది. పెరిగిన ప్రతి సెకనూ లైను తెగడానికి ఇంకో అవకాశం. ప్రోగ్రామర్ సుఖం కోసం ఆపరేటర్ నెత్తిన పెట్టిన బరువు ఇది.

ఇక 200 సంగతి. ఈ అంకె చెప్పేది ఒక్కటే: అవతలి నుంచి ఏదో ఒక జవాబు మామూలుగా వచ్చింది. మన ఫైలు డిస్కు మీదికి ఎక్కిందని అది చెప్పదు. లాగిన్ గడువు తీరిపోయిందనుకుందాం. సర్వర్ మన పోస్ట్‌ను ‘అటు వెళ్లు’ అనే 302తో లాగిన్ పేజీకి మళ్లిస్తుంది. చాలా లైబ్రరీలు చెప్పకుండానే ఆ దారిన పోతాయి, పోతూ పోస్ట్‌ను గెట్‌గా, అంటే పంపడాన్ని అడగడంగా, మార్చేస్తాయి. ఫైలు దారిలోనే రాలిపోతుంది. లాగిన్ పేజీ చక్కగా తెరుచుకుంటుంది, 200 వస్తుంది, మన ప్రోగ్రామ్ ‘విజయవంతం’ అంటుంది. గుప్తీకరణ లేని సాదా హెచ్‌టీటీపీ (బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి) మీద నడిచే పాత వ్యవస్థల్లో అయితే డాంగిల్‌లో బ్యాలెన్స్ అయిపోయినప్పుడు వచ్చే రీచార్జి పేజీ కూడా 200తోనే వచ్చి కూర్చోగలదు. అంకె చూసి మురిసిపోయే ప్రోగ్రామ్‌కు లాగిన్ పేజీకీ రసీదుకూ తేడా తెలియదు.

దీనికి ఎదురు రకం ఇంకా చిక్కు. ఫైలు మొత్తం వెళ్లింది, సర్వర్ దాచుకుంది, ‘అందింది’ అని జవాబు పంపింది. సరిగ్గా ఆ క్షణంలో లైను పోయింది. ఇవతల ప్రోగ్రామ్ ఎదురుచూసి, విసిగి, ‘విఫలం’ అని రాసుకుంది. ఇప్పుడు మళ్లీ పంపాలా వద్దా? పంపితే ఒకే బండి రెండుసార్లు నమోదవుతుంది. పంపకపోతే, నిజంగానే చేరనప్పుడు ఆ తూకం గల్లంతవుతుంది. ఇవతలి వైపు నుంచి చూస్తే ఈ రెండు పరిస్థితులూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి. ఎంత తెలివైన ప్రోగ్రామర్ అయినా ఇవతల కూర్చుని వీటిని విడదీయలేడు.

కాబట్టి మళ్లీ పంపినా నష్టం లేని పద్ధతి కావాలి. హెచ్‌టీటీపీలో పుట్ అనే పద్ధతి ఉంది. పోస్ట్ అంటే ‘ఇది తీసుకో, ఏం చేస్తావో నీ ఇష్టం’. పుట్ అంటే ‘దీన్ని ఈ చిరునామాలో ఉంచు’. ఒకే వస్తువును ఒకే చిరునామాలో పదిసార్లు ఉంచినా అక్కడ ఉండేది ఒకటే. ఈ గుణం పుట్‌కు ఉండి తీరాలని ప్రమాణమే చెబుతుంది. ఆ చిరునామాను మన ప్రోగ్రామే నిర్ణయించాలి. నేనైతే ఫైలు బైట్ల నుంచి లెక్కగట్టిన షా-256 అనే, ఫైలు వేలిముద్ర లాంటి విలువనే పేరుగా పెడతాను. 64 అక్షరాల ఆ విలువ ఫైలులో ఒక్క బిట్ మారినా పూర్తిగా మారిపోతుంది. సర్వర్ కూడా తనకు అందిన బైట్ల మీద అదే లెక్క వేసి, వచ్చిన విలువను జవాబులో తిరిగి పంపాలి. రెండూ కలిస్తేనే చేరినట్టు. ఆ విలువతో ఫైలు ఇప్పటికే ఉంటే ‘ఉంది’ అని చెప్పాలి. దాన్ని ఎర్రర్‌గా చూపకూడదు. లైను తెగినా, కరెంటు పోయినా, ఆపరేటర్ బటన్ పదిసార్లు నొక్కినా, ఒక బండికి ఒకే నమోదు.

ఈ ఏర్పాటు మన జిల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. వడ్ల కొనుగోలు కేంద్రం నుంచి లారీ కదలగానే లెక్క తేలిందని ఏ నిర్వాహకుడూ అనడు. లారీ మిల్లుకు చేరి, బస్తాలు దిగి, అక్కడ తూకం సరిచూసుకుని మిల్లరు సంతకం పెట్టిన ట్రక్ షీట్ వెనక్కి రావాలి. అది వచ్చేదాకా రైతు ఖాతాలో డబ్బు కదలదు. డ్రైవర్ ఫోను చేసి ‘దించేశాను’ అన్నా చాలదు. సరుకు తెచ్చినవాడి మాటకూ, తీసుకున్నవాడి సంతకానికీ మధ్య తేడా తెలిసిన ఊళ్లివి. ఇక్కడ కూర్చుని ప్రోగ్రాములు రాసే మనమే ఆ తేడాను గాలికి వదిలేస్తున్నాం.

పంపే వైపు ఇంకో దొంగ ఉన్నాడు. ఫోల్డర్‌లోకి కొత్త ఫొటో రాగానే పంపేయాలని ప్రోగ్రామ్‌కు చెబుతాం. కెమెరా ఆ ఫొటోను ఇంకా రాస్తూనే ఉంటుంది, మనవాడు సగం ఫైలును పట్టుకుపోతాడు. అవతల తెరిస్తే పైన లారీ ముందుభాగం, కింద బూడిద రంగు. నంబరు ప్లేటు ఉండాల్సింది ఆ బూడిదలోనే. దీనికి పరిష్కారం ఎప్పటినుంచో ఉంది: రాసేవాడు తాత్కాలిక పేరుతో రాయాలి, పూర్తయ్యాక అసలు పేరు పెట్టాలి. సర్వర్ వైపు కూడా ఇదే నియమం. వస్తున్న బైట్లను నేరుగా అసలు పేరుతో రాసుకుంటూ పోతే, మధ్యలో లైను తెగినప్పుడు సగం ఫైలు పూర్తి ఫైలు వేషంలో మిగిలిపోతుంది. కంటెంట్-లెంగ్త్ హెడర్ ముందే ఎన్ని బైట్లో చెబుతుంది. అన్నీ రాకపోతే పారేయాలి. చెప్పడానికి ఇంత చిన్న సంగతి. చేసేవాళ్లు మాత్రం తక్కువ.

కంప్యూటర్ మెమరీ విషయం ఒక్క మాటలో: పైథాన్‌లో అందరూ వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీ మల్టీపార్ట్ పంపేటప్పుడు ఫైలు మొత్తాన్ని ర్యామ్‌లోకి లాగుతుంది. జావాలోని పాత కనెక్షన్ క్లాస్ కూడా, పొడవు ముందే చెప్పడమో ముక్కలుగా పంపమనడమో చేయకపోతే అంతే. 2 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో పెద్ద వీడియో పంపి చూస్తే అర్థమవుతుంది.

సర్వర్ వైపు పెద్దల గురించి కూడా కొంచెం చెప్పుకోవాలి. ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్, దాని సెట్టింగులు ఎవరూ ముట్టుకోకపోతే, 1 ఎంబీ మించిన దేన్నీ లోపలికి రానివ్వదు, ‘మరీ పెద్దది’ అనే అర్థంలో 413 అంటుంది. వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీ అయితే ఒక్కో ఫైలుకు 2 ఎంబీ, మొత్తం పోస్ట్‌కు 8 ఎంబీ. పోనీ, హద్దులు ఉండాల్సిందే. కానీ పీహెచ్‌పీలో రెండో హద్దు దాటితే జరిగేది చూడండి: ఫారంలోని వివరాలూ, ఫైలూ రెండూ ఖాళీగా మారి ప్రోగ్రామ్‌కు అందుతాయి. అప్పుడా వెబ్‌సైట్ ‘దయచేసి ఫైలు ఎంచుకోండి’ అంటుంది. ఎంచుకుని, పది నిమిషాలు ఎదురుచూసినవాడితో! ఇంటర్నెట్ సెంటర్‌లో కుర్రాడు మూడుసార్లు అదే ఫైలు ఎంచుకుని, చివరికి ‘సర్వర్ డౌన్, రేపు రండి’ అని పంపేస్తాడు. సర్వర్ నిక్షేపంగా ఉంటుంది. ఫైలు పెద్దదని ఒక్క వాక్యం రాయడానికి ఎవరికీ తీరిక దొరకలేదు, అంతే.

అసలు మొత్తం పంపాక ‘వద్దు’ అనడమే అన్యాయం. ఎక్స్‌పెక్ట్ అనే హెడర్ ఉన్నది అందుకే. ముందు హెడర్లు మాత్రం పంపి ఆగితే, సర్వర్ 100 అని రమ్మంటుంది, లేదా 413 అని వద్దంటుంది. ఫైళ్లు పంపడానికి, దించుకోవడానికి వాడే కర్ల్ అనే పనిముట్టు ఈ మర్యాద పాటిస్తుంది; జవాబు రాకపోతే ఒక సెకను ఆగి ఇక పంపేస్తుంది. మన సొంత ప్రోగ్రాముల్లో దీన్ని వాడినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

పెద్ద ఫైళ్లకు వచ్చేసరికి నా పట్టుదల ఇంకా ఎక్కువ. ఆగినచోటి నుంచి కొనసాగించలేని వ్యవస్థను పెద్ద ఫైళ్ల కోసం కొనకూడదు, రాయకూడదు. దించుకునేటప్పుడు ఈ సౌకర్యం హెచ్‌టీటీపీలో ఎప్పటినుంచో ఉంది. రేంజ్ హెడర్‌తో సగం నుంచి అడగవచ్చు. ఎక్కించేటప్పుడు మాత్రం అందరూ ఒప్పుకున్న పద్ధతి లేదు, ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌లో ముసాయిదా మీద పని నడుస్తోంది. అలాగని చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. టస్ అనే స్వేచ్ఛా పద్ధతి ఉంది. లైను తిరిగి వచ్చాక ప్రోగ్రామ్ ‘నీ దగ్గర ఎన్ని బైట్లున్నాయి’ అని హెడ్ అనే హెచ్‌టీటీపీ పద్ధతితో అడుగుతుంది, సర్వర్ అంకె చెబుతుంది, అక్కడి నుంచి ప్యాచ్ అనే ఇంకో పద్ధతితో మిగతాది పంపుతుంది. అమెజాన్ వారి ఫైళ్లు దాచే సేవ ఎస్3లో అయితే ఫైలును ముక్కలు చేసి విడివిడిగా పంపవచ్చు. చివరిది తప్ప ఒక్కో ముక్క 5 ఎంబీకి తగ్గకూడదు, ముక్కలు 10,000 మించకూడదు. తెగిన ముక్క ఒక్కటే మళ్లీ వెళ్తుంది. 40 ఎంబీలో 38 వెళ్లాక లైను పోతే మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టమనేవాడికి ఏటూరునాగారం అడవి అంచున ఒక వారం ఉద్యోగం ఇవ్వాలి.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. ‘నెట్‌వర్క్ బాగుపడింది, ఊరూరా 4జీ ఉంది, ఇదంతా పాత కాలపు భయం.’ సగటున బాగుపడిన మాట నిజమే. అయితే తూకం స్లిప్పు సగటు రోజున వెళ్లదు, ఆ రోజున వెళ్తుంది. మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు పోటెత్తిన ఉదయం, అందరి ఫోన్లూ ఒకే టవర్ మీద పడ్డప్పుడు చూడండి. రెండేళ్లకోసారి మేడారం జాతర నాడు, తాత్కాలిక టవర్లు పెట్టినా, తాడ్వాయి దారిలో ఒక ఫొటో పంపి చూడండి. నెట్‌వర్క్ బాగా ఉన్న రోజు ఏ ప్రోగ్రామ్ అయినా బాగానే ఉంటుంది. రద్దీ రోజునే పనీ ఎక్కువ, డబ్బూ ఎక్కువ.

ఇంకో జవాబులో కొంత న్యాయం ఉంది: 50 కేబీ స్లిప్పుకు ఇంత తతంగం అవసరమా? అవసరం లేదు. ముక్కలు చేయడం, కొనసాగించడం చిన్న ఫైలుకు దండగ. తెగితే మొత్తం మళ్లీ పంపితే సరి. రసీదు మాత్రం 50 కేబీకైనా కావాల్సిందే. స్లిప్పు చిన్నదైనంత మాత్రాన దాని మీది డబ్బు చిన్నది కాదు.

తెలుగు పేర్లకు జరిగే అవమానం వేరే కథ. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కు (అక్షరమైనా, గుణింతపు గుర్తైనా విడిగా లెక్కే) 3 బైట్లు పడతాయి. లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్‌లలో పేరుకు 255 బైట్లే హద్దు, కాబట్టి అచ్చం తెలుగులో రాస్తే 85 దాటలేం. వత్తులు, గుణింతాలు కూడా లెక్కలోకి వస్తాయి గనుక అది కనిపించేంత పొడవు కాదు. ఇది ప్రకృతి సహజం అనుకుందాం. భద్రత పేరుతో కొందరు చేసే పని మాత్రం భరించలేనిది: రోమన్ అక్షరాలు, అంకెలు తప్ప మిగతావన్నీ కింది గీతలుగా మార్చేస్తారు. ఊరి పేరు, రైతు పేరు తెలుగులో రాసిన ఫైళ్లన్నీ గీతల వరుసలవుతాయి. అక్షరాల లెక్క సమానంగా ఉన్న ఇద్దరు రైతుల ఫైళ్లకు ఒకే పేరు వచ్చి, రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది. సర్వర్ పంపినవాడి పేరును నమ్మకూడదన్నది సరైన మాటే, ‘../’ లాంటివి పెట్టి వేరే ఫోల్డర్‌లోకి చొరబడేవాళ్లు ఉంటారు. అయితే దాచేటప్పుడు షా విలువను పేరుగా పెట్టుకుని, అసలు పేరును డేటాబేస్‌లో ఉన్నది ఉన్నట్టు రాసుకుంటే రెండు సమస్యలూ తీరతాయి. మన భాషను చెరపకుండానే జాగ్రత్తగా ఉండవచ్చు.

భద్రత మాట వచ్చింది గనుక, ఒక చెడ్డ అలవాటు. సర్వర్ అసలైనదేనని చూపే సర్టిఫికెట్ తప్పు అని ప్రోగ్రామ్ మొరాయించగానే సర్టిఫికెట్ చూడొద్దని ఒక వరుస చేర్చేస్తారు. పాత వేబ్రిడ్జి కంప్యూటర్లలో చాలాసార్లు అసలు కారణం మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ. అది చచ్చిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ తేదీకి సర్వర్ సర్టిఫికెట్ ఇంకా పుట్టి ఉండదు, అందుకే చెల్లదంటుంది. కొన్ని పదుల రూపాయల బ్యాటరీ మార్చాల్సిన చోట తాళమే తీసి పారేస్తున్నాం. పైగా ఆ తప్పు తేదీయే తూకం స్లిప్పు మీద కూడా పడుతుందన్న సంగతి ఎవరికీ తట్టదు.

మళ్లీ ప్రయత్నించడంలోనూ పద్ధతి ఉంది. ఫీడర్ మీద కరెంటు తిరిగి రాగానే ఆ చుట్టుపక్కల కంప్యూటర్లన్నీ ఒకేసారి లేస్తాయి, ఒకేసారి పంపుతాయి, సర్వర్ కూలబడుతుంది, అన్నీ కలిసి మళ్లీ ముప్పై సెకన్లకు దండెత్తుతాయి. ఒక్కో వైఫల్యానికి ఎదురుచూసే సమయం రెట్టింపు చేయాలి, అన్నీ ఒకేసారి లేవకుండా దానికి కొంత యాదృచ్ఛికత కలపాలి. సర్వర్ ‘ఇప్పుడు కుదరదు’ అనే 503తో పాటు ఎంతసేపు ఆగాలో చెబితే ఆ మాట వినాలి.

ఇవన్నీ చేసిన ప్రోగ్రామ్ పరీక్షలో నిలుస్తుందో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఫైలు సగం వెళ్తుండగా కేబుల్ పీకండి. కర్ల్‌లో వేగం తగ్గించే ఆప్షన్ ఉంది, లినక్స్‌లో నెటెమ్ అనే పనిముట్టుతో ప్యాకెట్లను (తీగ మీద వెళ్లే డేటా ముక్కలను) కావాలని పోగొట్టవచ్చు. పని అప్పగించే మిల్లు యజమానులూ, శాఖల అధికారులూ డెమో రోజున ఈ ఒక్క కోరిక కోరవచ్చు: మధ్యలో డాంగిల్ తీసి, రెండు నిమిషాల తర్వాత పెట్టమనండి.

ఆ రెండు నిమిషాలూ తెర మీద ఏముందో చదవండి. ‘ఎర్రర్’ అనే ఒక్క మాట ఉంటే డబ్బు ఇవ్వకండి. నేను రాసేవాటిలో మూడు వాక్యాలే ఉంటాయి, మూడూ తెలుగులోనే. ‘12 స్లిప్పులు చేరాయి, రసీదు వచ్చింది.’ ‘3 స్లిప్పులు ఇంకా ఇక్కడే ఉన్నాయి, లైను రాగానే వెళ్తాయి.’ ‘కంప్యూటర్ ఆపినా పోవు, రేపు తెరవగానే మళ్లీ మొదలవుతాయి.’ మూడో వాక్యం రాయడానికి తెగించాలంటే, రసీదు రాని ఏ ఫైలునూ డిస్కు మీద నుంచి చెరపని ప్రోగ్రామ్ కావాలి.